ఫీడర్ చేపలకూ ఒక తొట్టి కావాలి

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా వంటి వేటాడే చేపలను పెంచేవారు కలిస్తే పెద్ద తొట్టి గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. ఫిల్టర్ ఏ కంపెనీది, తొట్టి ఎన్ని అడుగులు, అడుగున పరిచిన రాయి ఎక్కడ దొరికింది అన్న ప్రశ్నలకు అంతుండదు. ఆ పెద్ద చేపకు ఆహారంగా తెచ్చిన చిన్న చేపలు ఎక్కడున్నాయని అడిగితే మాత్రం చాలా ఇళ్ళలో వంటగట్టు కిందనో, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కనో ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ను చూపిస్తారు. అందులో పదుల సంఖ్యలో గోల్డ్‌ఫిష్ పిల్లలు నీటి పైకి చేరి నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఫీడర్ చేపలుగా అమ్మే వీటిని సరిగ్గా ఉంచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. విశాఖపట్నం నీళ్ళకూ, ఇక్కడి వేడికీ తగినట్లు వాటిని ఎలా చూసుకోవాలో నాకు తెలిసినంత వరకు ఈ టపాలో వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో నాలుగడుగుల తొట్టిలో ఒక ఆస్కార్ పెరుగుతోంది. దాని తొట్టి మీద పెట్టే సమయం కంటే బాల్కనీలోని ఫీడర్ తొట్టి మీద పెట్టే సమయమే ఎక్కువ. అలా ఉండడమే సబబని నా నమ్మకం. చిన్న చేప ఒంట్లోని రోగమూ, మొప్పల్లో దాగిన పురుగూ నేరుగా పెద్ద చేపకు చేరతాయి; చిన్న చేప కడుపు ఖాళీగా ఉంటే పెద్ద చేపకు అందే పోషణ కూడా అంతంతమాత్రమే అవుతుంది. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. ఆహారం కాబోయే చేపకు కూడా ఊపిరాడకపోతే బాధే, అమ్మోనియాకు మొప్పలు కాలితే బాధే. దాని ఆయుష్షు ఎంతో మనం నిర్ణయిస్తున్నప్పుడు, ఆ ఉన్నన్నాళ్ళు దాన్ని నెమ్మదిగా బతకనిచ్చే బాధ్యత కూడా మన మీదే ఉంటుంది.

మన ఊరి అక్వేరియం దుకాణాల్లో ఫీడర్లుగా ఎక్కువగా దొరికేవి బొటనవేలి గోరంత నుంచి రెండంగుళాల వరకు ఉండే గోల్డ్‌ఫిష్ పిల్లలు. రంగు సరిగ్గా తేలనివి, తోక వంకరగా వచ్చినవి ఏరి, తక్కువ ధరకు ఈ పేరుతో అమ్ముతారు. అలంకారానికి పెంచుకునే గోల్డ్‌ఫిష్‌దీ వీటిదీ ఒకటే జాతి. మంచి నీళ్ళు, తగినంత చోటు దొరికితే ఇవి పదేళ్ళకు పైగా బతికి జానెడు పొడవు దాటి పెరుగుతాయి. ఇవి కాక గప్పీలు, మాలీలు దొరుకుతాయి. అప్పుడప్పుడు చెరువుల పెంపకానికి వచ్చిన శీలావతి, బొచ్చె పిల్లలను కూడా ఫీడర్లుగా అమ్మడం చూస్తాం.

గోల్డ్‌ఫిష్‌ను ఫీడర్‌గా నేను వాడను, ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. గోల్డ్‌ఫిష్‌లోనూ, దాని బంధువులైన కార్ప్ జాతి చేపల్లో చాలావాటిలోనూ థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తిన్న జీవి ఒంట్లోని బీ1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. ఈ సంగతి మొదట బయటపడింది చేపల తొట్టిలో కాదు, నక్కల ఫారంలో. 1930లలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బొచ్చు చర్మం కోసం నక్కలను పెంచే ఒక ఫారంలో, పచ్చి కార్ప్ చేపలు మేపిన నక్కలు తూలిపోతూ పక్షవాతం వచ్చి చనిపోసాగాయి. చేపను ఉడికించి పెడితే ఆ రోగం రాలేదు, ఎందుకంటే వేడికి ఆ ఎంజైమ్ నశిస్తుంది. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినంత మాత్రాన అది పోదు. ఆస్కార్‌కు నెలల తరబడి గోల్డ్‌ఫిష్ మాత్రమే పెట్టినా ఇదే లోపం వస్తుంది. మొదట ఆకలి మందగిస్తుంది, తర్వాత ఈత తూకం తప్పుతుంది. మన ఊళ్ళో ఫిషింగ్ హార్బర్ దగ్గరే ఉంది కదా అని రోజూ పచ్చి నెత్తళ్ళు తెచ్చి పెట్టేవారికీ ఇదే చెప్పాలి. నెత్తళ్ళ కుటుంబంలోని కొన్ని చేపల్లో కూడా ఈ ఎంజైమ్ ఉంది కనుక వాటిని ఏకైక ఆహారం చేయకూడదు.

గప్పీలు, మాలీలు ఈ చిక్కు లేని చేపలు. పైగా మన నీటికి అవి చక్కగా సరిపోతాయి. విశాఖలో చాలా అపార్ట్‌మెంట్లలో మునిసిపల్ నీళ్ళూ బోరు నీళ్ళూ కలిసే వస్తాయి. బోరు నీళ్ళు సాధారణంగా గట్టివి, అంటే ఖనిజ లవణాలు ఎక్కువగా కరిగి ఉన్నవి. బీచ్ వైపు వెళ్ళే కొద్దీ కొన్ని వీధుల్లో ఉప్పదనం కూడా తెలుస్తుంది. స్నానానికి సబ్బు నురగ రాదని మనం విసుక్కునే ఆ నీటిలోనే గప్పీలు హాయిగా పిల్లలు పెడతాయి, మాలీలైతే కొంచెం ఉప్పదనాన్ని ఇష్టంగానే భరిస్తాయి. ఇంట్లోనే ఫీడర్లను పెంచుకోవాలనుకునేవారికి గప్పీల కంటే మంచి దారి నాకు కనిపించలేదు. బయటి నుంచి రోగాలు రావు, ప్రతి వారం దుకాణానికి వెళ్ళనక్కరలేదు, ఏ చేప ఏం తిని పెరిగిందో మనకు తెలుస్తుంది.

ఇక్కడ గంబూసియా గురించి కూడా చెప్పాలి. మలేరియా దోమల లార్వాలను తింటుందని 1928లో మన దేశానికి తెచ్చిన ఈ చేప, నేడు చెరువుల్లో, మురుగుకాలువల్లో విరివిగా ఉంది. చూడడానికి ఆడ గప్పీలా ఉండడంతో, ఉచితంగా దొరుకుతోందని వలతో పట్టుకొచ్చి పెద్ద చేపలకు వేసేవారున్నారు. గంబూసియా తోటి చేపల తోకలు కొరికే స్వభావం గలది. అంతకు మించి, మురుగునీటిలో పెరిగిన చేప ఆ నీటిలోని పరాన్నజీవులనూ రసాయనాలనూ తనతోపాటే తెస్తుంది. పట్టిన నీరు ఎలాంటిదో తెలియని ఏ చేపనూ తొట్టిలో వేయవద్దు.

ఫీడర్ తొట్టి పెద్దదిగా ఉండనక్కరలేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో ఎదిగిన గప్పీలు 25 దాటకుండా చూసుకుంటే, ఒక స్పాంజ్ ఫిల్టర్, దానికొక ఎయిర్ పంప్ సరిపోతాయి. గాజు తొట్టి లేకపోతే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కూడా పనికొస్తుంది. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే నీటికి గాలి తగిలే వైశాల్యం ఎంత ఎక్కువైతే ప్రాణవాయువు అంత బాగా కలుస్తుంది. పైన వలమూత తప్పనిసరి. గప్పీలు ఎగిరి బయట పడతాయి, బాల్కనీలో కాకులు కాచుకుని ఉంటాయి.

బకెట్‌లో వేసిన చేపలు రెండో రోజుకో మూడో రోజుకో ఒక్కొక్కటిగా చనిపోవడానికి అసలు కారణం అమ్మోనియా. చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమ్మోనియా నీటిలో చేరుతుంది. స్పాంజిలో, రాళ్ళ మీద స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు. మూడోది బాగా పేరుకుంటే తప్ప ప్రమాదం చేయదు, వారం వారం నీళ్ళు మారిస్తే తగ్గిపోతుంది. కొత్తగా కొన్న బకెట్‌లో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆగే ఓపిక ఎవరికుంటుందని అడగవచ్చు. దానికి సులువైన మార్గం ఉంది. పెద్ద తొట్టిలో ఒక అదనపు స్పాంజ్ ఫిల్టర్‌ను నెల రోజులపాటు నడిపించి, ఆ స్పాంజిని ఆరనివ్వకుండా ఫీడర్ తొట్టిలోకి మార్చితే ఆ రోజు నుంచే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడగకూడదు, తొట్టి నుంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

మన నీటికి సంబంధించిన మెలిక ఒకటుంది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకు తీవ్రమైన విషం, రెండోది అంత హాని చేయదు. ఏది ఎంత అన్నది నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) మీద, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 8కి చేరితే నూటికి 5 వంతులు దాటుతుంది. అంటే అమ్మోనియా పరీక్ష కిట్‌లో ఒకే రంగు వచ్చినా క్షారగుణం ఎక్కువగా ఉన్న బోరు నీటిలో చేపకు తగిలే విషం దాదాపు పది రెట్లు. వేసవిలో నీళ్ళు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. కనుక గట్టి నీళ్ళున్న ఇళ్ళలో అమ్మోనియా కొద్దిగానే కనిపించినా తేలిగ్గా తీసుకోకుండా వెంటనే మూడోవంతు నీళ్ళు మార్చాలి, మేత ఒక రోజు ఆపాలి.

మునిసిపల్ కుళాయి నీళ్ళతో వచ్చే చిక్కు వేరు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు వంటి చోట్ల నుంచి వచ్చే నీటిని శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపుతారు. తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు రక్షణ ఇచ్చే ఆ కొద్ది క్లోరిన్ చేప మొప్పలను కాల్చేస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ చంపుతుంది. వెడల్పాటి టబ్బులో ఒక రోజు నిలవ ఉంచితే అది గాలిలో కలిసిపోతుంది. లోపల ఎయిర్‌స్టోన్ పెడితే ఇంకా త్వరగా పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సీసా వాడవచ్చు. వాటిలో చాలావరకు ఉండేది సోడియం థయోసల్ఫేటే. నీళ్ళు నిలవ ఉంచే టబ్బు మీద పలుచని గుడ్డ కట్టి ఉంచండి. డెంగీ దోమ గుడ్డు పెట్టేది ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే, వారం పది రోజుల్లో అందులోంచి దోమలు లేస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్ళు చేతికే చురుక్కుమంటాయి. ఆ నీళ్ళు నేరుగా పోస్తే చేపలు తట్టుకోలేవు. నీళ్ళు మార్చే పని తెల్లవారుజామునే పూర్తి చేయాలి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకోగలిగితే 30 డిగ్రీల వద్ద అది 7.5కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో జీవక్రియ పెరిగి దానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. చల్లని నీటికి అలవాటుపడ్డ గోల్డ్‌ఫిష్‌ను వేసవిలో కిక్కిరిసిన బకెట్‌లో ఉంచడం ఎంత క్రూరమో ఈ రెండు మాటలు కలిపి చూస్తే తెలుస్తుంది. మే నెలలో రాత్రిపూట టార్చిలైటు పక్క నుంచి వేసి ఒక్క చేపను కాసేపు గమనించండి. నెమ్మదిగా ఉన్న చేప మొప్పల మూత సన్నగా, ఒకే లయలో కదులుతుంది. ఊపిరాడని చేప మొప్పలు పూర్తిగా విచ్చుకుని లోపలి ఎరుపు కనిపిస్తుంది, నోరు నీటి అంచును తాకుతూ ఉంటుంది, తోక మాత్రం దాదాపు కదలదు. ఆ దృశ్యం కనిపిస్తే మేత మానేసి, గాలి బుడగలు పెంచి, చేపల సంఖ్య తగ్గించాలి. నీళ్ళలో ఐసు ముక్కలు వేసి ఒక్కసారిగా చల్లబరచడం కంటే, తొట్టిని ఎండ తగలని గోడ వైపు జరిపి, నీటి పైభాగానికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా చూడడం మేలు. అయితే సముద్రపు ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ కనుక ఫ్యానుతో తగ్గే వేడి పరిమితమే.

కరెంటు గురించి కూడా ముందుగానే ఆలోచించి పెట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని తాకిన తర్వాత చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తొట్టిలో ముందుగా తరిగిపోయేది ప్రాణవాయువు, తర్వాత స్పాంజిలోని బ్యాక్టీరియా చనిపోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకుంటే చాలు. అది లేకపోతే గంటకొకసారి మగ్గుతో నీళ్ళు తీసి అడుగు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోయాలి. కరెంటు లేనన్నాళ్ళూ మేత వేయకూడదు. ఎదిగిన గప్పీ నాలుగైదు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది, కుళ్ళిన మేతను మాత్రం తట్టుకోదు.

కొన్న చేపలను నేరుగా పెద్ద తొట్టిలో వేసే అలవాటే అన్నిటికంటే ప్రమాదకరమని నా అభిప్రాయం. దుకాణంలో ఫీడర్ తొట్టి అంటే వందల చేపలు ఒకే నీటిలో ఉండే చోటు. తిరనాళ్ళలో కిక్కిరిసిన జనంలా ఒకదాని రోగం మరొకదానికి ఇట్టే అంటుకుంటుంది. తెచ్చిన చేపలను కనీసం మూడు వారాలు ఫీడర్ తొట్టిలోనే ఉంచి కనిపెట్టాలి. ఆ తొట్టికి వల, సైఫన్ గొట్టం, మగ్గు అన్నీ వేరుగా ఉండాలి. పెద్ద తొట్టి పని ముందు, ఫీడర్ తొట్టి పని తర్వాత అన్న వరుస పాటిస్తే తడి చేతుల ద్వారా కూడా రోగం దాటదు.

ప్యాకెట్ విప్పే పద్ధతి కూడా దూరాన్నిబట్టి మారుతుంది. అరగంట దూరంలోని దుకాణం నుంచి తెచ్చిన చేపలైతే ప్యాకెట్‌ను తొట్టిలో తేలనిచ్చి, మధ్యమధ్య గ్లాసెడు నీళ్ళు కలుపుతూ నెమ్మదిగా అలవాటు చేయవచ్చు. కోల్‌కతా నుంచో చెన్నై నుంచో పార్సిల్‌లో వచ్చిన చేపలకు ఆ పద్ధతి పనికిరాదు. మూసిన సంచిలో చేపలు వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ తగ్గి, పేరుకున్న అమ్మోనియా హాని చేయని రూపంలోనే ఉండిపోతుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే అలాంటి సంచిని విప్పకుండానే పావుగంట నీటిపై తేలనిచ్చి, ఉష్ణోగ్రత సమం కాగానే విప్పి, చేపలను మాత్రం వలతో తీసి వెంటనే తొట్టిలోకి మార్చాలి. సంచిలోని నీళ్ళు తొట్టిలో పడకూడదు.

చేపను పరిశీలించడానికి నేను గాజు సీసా వాడతాను. చేపను నీళ్ళతో సహా సీసాలోకి తీసుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే తొట్టిలో కనిపించనివి కనిపిస్తాయి. రవ్వ గింజల్లాంటి తెల్ల చుక్కలు ఒంటి మీద, రెక్కల మీద ఉంటే అది వైట్ స్పాట్ రోగం. పొలుసుల మధ్య నుంచి సన్నని దారం వేలాడుతూ, దాని చివర రెండు చీలికలుగా ఉంటే అది యాంకర్ వార్మ్. ఆ చీలికలు దాని గుడ్ల సంచులు. గప్పీ మలద్వారం నుంచి ఎర్రని నూలుపోగుల్లాంటివి బయటికి వచ్చి, చేప ఆగగానే కనిపించి కదలగానే లోపలికి పోతుంటే పేగుల్లో కమలానస్ పురుగు ఉందని అర్థం. ఈ మూడో దాన్ని తిన్న పెద్ద చేపకు కూడా ఆ పురుగు పట్టే అవకాశం ఉంది కనుక, అలాంటి గప్పీ ఎంత చురుగ్గా కనిపించినా ఆహారంగా వేయకూడదు.

వైట్ స్పాట్‌కు మందు వేసి చుక్కలు మాయం కాగానే ఆపేయడం చాలామంది చేసే పని. చుక్కలో ఉన్న పరాన్నజీవి మందుకు చావదు. అది చేపను వదిలి అడుగున పడి, అనేక ముక్కలుగా విడిపోయి, కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే దశలోనే మందుకు దొరుకుతుంది. చుక్కలు పోయాక కూడా కనీసం వారం రోజులు చికిత్స కొనసాగించాలన్నది అందుకే. గప్పీలకు మందుకంటే ముందు ఉప్పు ప్రయత్నించడం మంచిది. కిరాణా కొట్లో దొరికే కల్లుప్పును లీటరుకు 2 నుంచి 3 గ్రాముల లెక్కన, ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో విడతలుగా కరిగించి పోయాలి. ఆ ఉప్పే నైట్రైట్ విషం చేప రక్తంలోకి చేరకుండా కూడా కొంత అడ్డుకుంటుంది. మలకైట్ గ్రీన్ వంటి మందులు వాడిన చేపలను మాత్రం ఆ తర్వాత ఆహారంగా వాడకండి, ఆ రసాయనం కండలో మిగిలే ఉంటుంది.

ఇక మేత సంగతి. ఫీడర్ చేప ఎలాగూ తినబడేదే కదా అని దాన్ని పస్తు ఉంచితే, పెద్ద చేపకు దక్కేది ముళ్ళూ పొలుసులూ మాత్రమే. ఉదయం, సాయంత్రం రెండు నిమిషాల్లో తినగలిగినంత మంచి గుళికల మేతను పొడి చేసి వేస్తాను. స్పిరులినా కలిసిన మేత వారంలో రెండు మూడు సార్లు, ఉడికించి మెత్తగా చిదిమిన పాలకూర ఒకసారి వేస్తే గప్పీల రంగులోనే తేడా తెలుస్తుంది. కప్పేసి ఉంచిన తొట్టి పక్కన పొరపాటున ఏ గిన్నెలోనైనా దోమ లార్వాలు కనిపిస్తే వాటికి మించిన విందు లేదు. పెద్ద చేపకు వేసే రోజున, వేయడానికి మూడు నాలుగు గంటల ముందు ఫీడర్లకు కడుపు నిండా మంచి మేత పెట్టాలి. చిన్న చేప పొట్టలోని ఆ మేత కూడా అప్పుడు పెద్ద చేపకే చేరుతుంది.

మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు పాలకూర చిదుముతున్న నా పక్కన కూర్చుని, "మామయ్యా, ఎలాగూ పెద్దది తినేస్తుంది కదా, వీటికి ఇంత చేయడం ఎందుకు?" అని అడిగాడు. "తినేస్తుంది కాబట్టే నాన్నా, అప్పటిదాకా దీనికి ఏ లోటూ రాకూడదు" అన్నాను. మర్నాటి నుంచి మేత వేసే పని తనే తీసుకున్నాడు.

గప్పీల సంతానం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫీడర్ తొట్టి నిలకడగా సాగడానికి అదే ఆధారం. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే మగవి వెంటపడి ఆడవాటిని అలసిపోయేలా చేస్తాయి. ఆడ గప్పీ మూడు నుంచి నాలుగు వారాలకొకసారి పిల్లలు పెడుతుంది. ఒకసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుని, మళ్ళీ మగది లేకుండానే పలుమార్లు ఈనగలదు. ఈనే ముందు పొట్ట కింద మచ్చ నల్లబడుతుంది, పొట్ట పక్క నుంచి చూస్తే పలకలు తేలినట్లు ఉంటుంది, చేప ఒక మూలకు చేరి కదలకుండా నిలబడుతుంది. పిల్ల చుట్టుకుపోయి ఉండగానే బయటికి వచ్చి, అడుగుకు జారుతూ ఒంటిని చాపుకుని, ఒక్క దుముకుతో నాచులోకి దూరిపోతుంది. నాచు లేని తొట్టిలో ఆ దుముకుకు చోటుండదు, తల్లే తినేస్తుంది. హార్న్‌వర్ట్, జావా మాస్ వంటి మొక్కలు తొట్టిలో మూడోవంతు నిండేలా ఉంచితే తగినన్ని పిల్లలు మిగులుతాయి.

గప్పీ పిల్లలకు మొదటి వారాల్లో ఆర్టిమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యజాతి జీవి పిల్లలను మించిన ఆహారం లేదు. భీమిలి తీరంలోని రొయ్యల హేచరీల పుణ్యమా అని మన ప్రాంతంలో ఆ పేరు చాలామందికి తెలుసు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు వేసి, 28 డిగ్రీల వద్ద గాలి పంపు పెడితే ఒక రోజులో ఆర్టిమియా గుడ్లు పొదుగుతాయి. సన్నని గుడ్డలో వడకట్టి మంచినీళ్ళతో కడిగి వేయాలి. ఉడికించిన కోడిగుడ్డు సొన వేయమని చాలామంది చెబుతారు కానీ అది నీటిని పాడు చేసినంత వేగంగా మరేదీ చేయదు.

ఆస్కార్‌కు బతికున్న చేపలు తప్పనిసరి కాదు. మంచి గుళికలు, రొయ్యలు, వానపాములతో అది జీవితాంతం ఆరోగ్యంగా ఉంటుంది. మా ఇంట్లో రోజువారీ ఆహారం అదే. గప్పీలు ఎప్పుడో ఒకసారి మాత్రమే. వేసేటప్పుడు కూడా అది అప్పటికప్పుడు తినగలిగినన్నే, ఒకటో రెండో వేస్తాను. ఇరవై చేపలను ఒకేసారి కుమ్మరించి, అవి రోజంతా మూలల్లో దాక్కుని చిరిగిన రెక్కలతో తిరుగుతుంటే చూడడం నాకు నచ్చదు. అందుకోసం మిత్రులను పిలిచి చూపించడం, వీడియోలు తీయడం అంతకన్నా నచ్చదు. కోలుకోలేని జబ్బు చేసిన చేపను ఆహారంగా వేయకుండా, టాయిలెట్‌లో వదలకుండా, లవంగ నూనెతో శాంతిగా సాగనంపవచ్చు. చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్ళతో నూనెను బాగా గిలకొట్టి, లీటరుకు 0.4 మిల్లీలీటర్ల లెక్కన కలిపిన నీటిలో చేపను ఉంచితే ముందు మత్తులోకి జారుకుంటుంది. మొప్పల కదలిక ఆగిపోయాక కూడా మరో పావుగంటైనా అందులోనే ఉంచాలి.

గప్పీలు బాగా పెరిగితే కొన్ని నెలల్లో తొట్టి నిండిపోతుంది. మిగులు చేపలను తెలిసినవారికి ఇవ్వండి, దుకాణాల్లో కొందరు తీసుకుంటారు, లేదా మగవాటిని, ఆడవాటిని వేరు తొట్టెల్లో ఉంచి సంఖ్యను అదుపు చేయండి. ముడసర్లోవలోనో, మేఘాద్రిగెడ్డలోనో, ఊళ్ళో ఏ గెడ్డలోనో మాత్రం వదలవద్దు. తొట్టి అద్దాలను శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేపను పెద్దదైపోయిందని ఎవరెవరో వదిలేయగా, అది ఇప్పుడు మన రాష్ట్రంలోని చెరువుల్లో, కాలువల్లో పాతుకుపోయి, గట్లు తవ్వుతూ, మత్స్యకారుల వలలు చింపుతూ, ఏ ధరా పలకని భారమై కూర్చుంది. గోల్డ్‌ఫిష్‌ను వదిలితే అది అడుగు బురదను కెలికి నీటిని మడ్డి చేస్తుంది, దాని ఒంట్లోని పురుగులు అక్కడి చేపలకు పడతాయి. తొట్టి కడిగిన నీళ్ళను కూడా కాలువలో పారబోయకుండా పూలకుండీలకు పోయండి. వాటిలోని నైట్రేట్ మొక్కలకు ఎరువవుతుంది, నీళ్ళలో మిగిలిన నాచు ముక్కలూ, కంటికి కనబడని గప్పీ పిల్లలూ గెడ్డ దాకా చేరవు. ఉప్పు వేసిన నీళ్ళైతే మాత్రం కుండీలకు కాకుండా బాత్‌రూమ్‌లో సన్నని వలలోంచి వడకట్టి పారబోయాలి.